సెలవు పెట్టి కాశీకి నడిచిన ఉద్యోగి - ఏనుగుల వీరాస్వామయ్య గారు

ఈ ప్రత్యేక సంచిక 'యాత్రలు - విహారాలు' గురించి అని, ఏదో ఒకటి తప్పక రాయాలని మన కార్యదర్శి గారు రెండుసార్లు ఫోను చేశారు. నేను చూసిన ఊర్లు తక్కువ. ముప్పై ఆరేళ్ళ సర్వీసులో ఎల్.టి.సి. వాడుకున్నది రెండుసార్లే. అందుచేత నా యాత్రల బదులు మనకంటే చాలా ముందు మనలాంటి ఉద్యోగమే చేసిన ఒక పెద్దమనిషి యాత్ర గురించి రాస్తున్నాను. ఆయన పేరు చాలామంది వినే ఉంటారు. పుస్తకం చదివినవారు మాత్రం తక్కువే అని నా అనుమానం. నేనే యాభై ఏళ్ళు దాటాక చదివాను.

ఏనుగుల వీరాస్వామయ్య గారు 1780 ప్రాంతంలో చెన్నపట్నంలో పుట్టారు. తొమ్మిదో ఏటనే తండ్రి పోయారు. ఇంటికి ఆధారం లేదు. ఆ రోజుల్లో కుంపిణీ కచ్చేరీలో నిలదొక్కుకోవాలంటే ఇంగ్లీషు రావాలి. పన్నెండేళ్ళు వచ్చేసరికే ఆ కుర్రవాడు ఇంగ్లీషు చదవడం, రాయడం పట్టుబరిచాడు. జీతం లేకుండా పని నేర్చుకునే వాలంటీరుగా బోర్డు ఆఫ్ ట్రేడులో చేరాడు. కొద్దికాలానికే తిరునెల్వేలి వైపు దుబాసీ పని దొరికింది. మీసం రాని వయసులో దొరల మాట జనానికీ, జనం మాట దొరలకూ చెప్పవలసిన పని అది. మాట ఒక పిసరు అటూ ఇటూ అయితే ఒకడి భూమి పోతుంది. మనలో సర్వే, రెవెన్యూ పని చేసినవాళ్ళకు ఆ బరువు తెలుసు.

తర్వాత చెన్నపట్నం తిరిగివచ్చి కొన్నాళ్ళు కంపెనీల్లో లెక్కలు రాసి, చివరికి మద్రాసు సుప్రీం కోర్టులో చేరారు. ఆ కోర్టు 1801లో ఏర్పడింది. జడ్జీలు ఇంగ్లండు నుంచి వచ్చినవారు, సాక్షులు అరవం, తెలుగు మాట్లాడేవారు. నడుమ నిలబడవలసినవాడు ఇంటర్‌ప్రిటరు. వీరాస్వామయ్య గారు ఆ కోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటరు దాకా ఎదిగారు. ప్రధాన న్యాయమూర్తి రాల్ఫ్ పామర్ ఆయన పనికి మెచ్చి బంగారు నస్యపు డబ్బీ బహూకరించాడని చెబుతారు. మన రిటైర్మెంటు సభల్లో ఇచ్చే గోడ గడియారం సంగతి గుర్తొచ్చి నవ్వుకున్నాను. (నాది ఇప్పటికీ నడుస్తోంది, పది నిమిషాలు వెనక.)

ఇంతవరకు చెప్పినది బాగుపడిన ఏ ఉద్యోగి చరిత్ర అయినా కావచ్చు. ఆయన పేరు మనం తలుచుకోవడానికి కారణం, యాభై ఏళ్ళ వయసులో కోర్టువారి అనుమతి పుచ్చుకుని ఇల్లు కదలడం. 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. పదిహేను నెలల పైచిలుకు. ఈ దేశంలో ప్రయాణికుల రైలు నడిచింది 1853లో. దానికి ఇరవై మూడేళ్ళ ముందు మాట ఇది. పల్లకీలు, బోయీలు, డేరాలు, సామాను మోసే మనుషులు, వంటవాళ్ళు, ఇంటివాళ్ళు అంతా కలిపి దాదాపు నూరుమంది. అంతమందికి రోజూ ఎక్కడ దిగాలి, నీళ్ళు ఉన్నాయా, అంగళ్ళు ఉన్నాయా, బియ్యం దొరుకుతాయా, రాత్రి దొంగల భయం ఉందా అని చూసుకోవలసిన బాధ్యత ఆయనదే.

ఆయన చూసినది చూసినట్లు రోజువారీ రాసి స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె గారికి పంపుతూ వచ్చారు. అదే తర్వాత 'కాశీయాత్ర చరిత్ర' అయింది. గ్రంథం రాయాలని కూర్చుని రాసినది కాదు కాబట్టే దానికి ఆ రుచి. ఆ కాలంలో తెలుగులో వచనం రాస్తే గ్రాంథికంలో సమాసాల మీద సమాసాలు పేర్చడం పాండిత్యం. ఈయన మాత్రం కచ్చేరీలో, బజారులో మాట్లాడుకునే తెలుగే రాశారు. ఉర్దూ మాట పడితే ఉర్దూ మాట, ఇంగ్లీషు మాట పడితే ఇంగ్లీషు మాట. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులు గారు పోరాడటానికి ఎనభై ఏళ్ళ ముందు ఈ కోర్టు ఉద్యోగి ఆ గొడవేమీ లేకుండా రాసుకుపోయారు.

దారి చూడండి. తిరుపతి, అక్కడినుంచి శేషాచలం కొండల అంచున కోడూరు, ఒంటిమిట్ట, కడప. తర్వాత అహోబిలం, మహానంది, ఆత్మకూరు, శ్రీశైలం. అటుపైన కృష్ణ దాటి వనపర్తి, జడ్చర్ల మీదుగా హైదరాబాదు. మేడ్చల్, రామాయంపేట, ఆర్మూరు, నిర్మల, ఆదిలాబాదుల మీదుగా నాగపూరు. జబ్బల్‌పూరు, ప్రయాగ, కాశీ. గయ, పాట్నా చూసుకుని కలకత్తా. అక్కడినుంచి జగన్నాథం, శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, బందరు, నెల్లూరు, ఇల్లు. పెన్న, తుంగభద్ర కలిసిన కృష్ణ, గోదావరి, నర్మద, గంగ, మహానది, ఇన్ని నదులు దాటారు. నల్లమల, వింధ్య ఎక్కి దిగారు. మ్యాపు ముందు పెట్టుకుని వేలు పెట్టి చూస్తే తప్ప ఆ మనిషి చేసిన పని ఏమిటో తెలియదు.

నాకు బాగా తెలిసిన భాగం నల్లమల కాబట్టి అక్కడ కాసేపు ఆగుతాను.

ఇప్పుడు శ్రీశైలం అంటే బస్సెక్కి కూర్చుంటే దోర్నాల ఘాటు మీదుగా గుడి ముందు దిగుతాం. ఆనాడు ఆత్మకూరు వైపునుంచి దారి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను. అడవిలో రెండు రోజుల నడక. భీముని కొలను దగ్గర లోయలోకి దిగి మళ్ళీ ఎక్కాలి. అక్కడ రాతి మెట్లు ఉన్నాయి. శ్రీశైలానికీ, అహోబిలానికీ మెట్లు కట్టించినవాడు 14వ శతాబ్దంలో కొండవీటి రాజ్యం స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి. 1979లో శివరాత్రికి ఆఫీసు మిత్రులం అయిదుగురం ఆ దారిన నడిచాం. అప్పటికి నాకు ముప్పై కూడా నిండలేదు. అయినా భీముని కొలను ఎక్కేటప్పుడు పదేసి మెట్లకు ఒకసారి కూలబడ్డాను. మాతో వచ్చిన సీనియరు అసిస్టెంటు గారొకరు, మేమంతా అన్న అని పిలిచేవాళ్ళం, నా సంచి కూడా తన భుజాన వేసుకుని ముందు నడిచారు. వీరాస్వామయ్య గారి పల్లకీ మోసిన బోయీలను తలుచుకుంటే నాకు ఆయన ముఖమే కళ్ళకు కడుతుంది. ఉగాదికీ శివరాత్రికీ కన్నడ దేశం నుంచి వచ్చే భక్తులు ఇప్పటికీ ఆ దారినే నడిచిపోతున్నారు.

ఆనాడు ఆ కొండ కందనూరు నవాబు ఏలుబడిలో ఉండేది. కందనూరంటే కర్నూలే. దర్శనానికి వచ్చే ప్రతివాడి దగ్గర నవాబు మనుషులు పన్ను వసూలు చేసేవారు. వసూలైన సొమ్ములో గుడి బాగుకు ఖర్చుపెట్టినది లేదు. వీరాస్వామయ్య గారు భక్తుడే, కానీ కళ్ళు మూసుకున్న భక్తుడు కాడు. గుడి ఎంత గొప్పదో రాసిన చేతితోనే అది ఎంత పాడుబడి ఉందో, ఎవరికి ఎంత ముట్టజెప్పాలో, అడవిలో చెంచులు ఎలా ఉన్నారో రాశారు. యాత్రికులకు దారి చూపేదీ కాపు కాసేదీ ఆ చెంచులే. నవాబు పాలన ఆ తర్వాత పదేళ్ళు కూడా నిలవలేదు. 1839లో కుంపిణీ వారు ఆయన్ను దించి కర్నూలు కలుపుకున్నారు.

అయితే యాత్రికుల మీద పన్ను నవాబు ఒక్కడి పాపం అనుకోకూడదు. ప్రయాగలో, గయలో, జగన్నాథంలో స్వయంగా కుంపిణీ ప్రభుత్వమే వసూలు చేసేది. ఇంగ్లండులో గొడవ లేచి 1840లో ఆ పన్నులు ఎత్తేశారు. వీరాస్వామయ్య గారు ఆ పన్నులు కడుతూ పోయారు, లెక్క రాస్తూ పోయారు. ఎక్కడ ఏ నాణెం చెల్లుతుంది, మార్పిడికి ఎంత పోతుంది, ఏ ఊరు ఎవరి తాలూకు, కూలి ఎంత, ఇవన్నీ ఆ పుస్తకంలో దొరుకుతాయి. పుణ్యం కోసం చదివేవారికి ఇవి విసుగు పుట్టించవచ్చు. నాకు మాత్రం పుస్తకంలో అవే ప్రాణం అనిపించింది. మన గుమాస్తా బుద్ధి మరి.

హైదరాబాదులో అప్పుడు నాసిరుద్దౌలా గద్దెనెక్కి ఏడాది. రాజ్యం నడిపేది చందూలాల్. వీధుల్లో మనుషులు కత్తులు, తుపాకులు పట్టుకుని తిరగడం చెన్నపట్నం నుంచి వచ్చిన ఈయనకు వింత అయింది. నాగపూరు దాటి నర్మద వైపు పోయే దారి ఇంకా కష్టం. కెప్టెన్ స్లీమన్ థగ్గుల ముఠాలను పట్టే పని ముమ్మరం చేసిన కాలం సరిగ్గా అదే. జబ్బల్‌పూరు దారులంటేనే బాటసారులకు గుండె దడ. నూరుమందిని వెంటబెట్టుకుని ఆయన ఆ దారిన క్షేమంగా దాటారు. కాశీ గురించి, గయలో పిండప్రదానం గురించి ఎన్నో పేజీలు రాశారు. అవి మీరే చదువుకోవాలి, నేను చెబితే చప్పబడిపోతాయి.

ఇక నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం చెబుతాను.

శ్రీశైలం నుంచి తిరిగి ఆత్మకూరు వైపు వచ్చి, కృష్ణ దాటే ముందు ఆయన నివృత్తి సంగమం చూశారు. అదే మన సంగమేశ్వరం. భవనాశి నది కృష్ణలో కలిసే చోటు. కృష్ణ, వేణి, తుంగ, భద్ర, మలప్రభ, భీమరథి, భవనాశి అని ఏడు నదులు కలిసే చోటుగా పెద్దలు చెబుతారు. అక్కడ శివలింగం రాయి కాదు, వేప మొద్దు. గుడి, చుట్టూ ఊరు, తీర్థం ఆడే రేవు. అన్నీ వీరాస్వామయ్య గారి కాలంలో ఉన్నాయి, నా చిన్నప్పుడూ ఉన్నాయి.

1963లో శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1970ల నడుమ, ముంపు భూములకు నష్టపరిహారం లెక్కకట్టే ఆఫీసు ఒకదానిలో ఎల్.డి.సి.గా వేశారు. నా పని స్టేట్‌మెంట్లు రాయడం. సర్వే నంబరు, విస్తీర్ణం, తరి, ఖుష్కి, బావులు, చింతచెట్లు, వేపచెట్లు, ఇల్లు మట్టిదా మిద్దెదా. మూడు కాపీలు, కార్బను పెట్టి. ఊరి తర్వాత ఊరు. నా చేతి రాత బాగుంటుందని ఫెయిర్ కాపీలన్నీ నాకే ఇచ్చేవారు. ఆ కాగితాల్లో ఒక గడి నాకు సరిపోయేది కాదు, చివరి గడి, 'ఇతరములు' అని. ఒక ముసలాయన వచ్చి తన ఇంటి ముందు అరుగు గురించి రాయమన్నాడు. అరుగుకు రేటు లేదు. ఇతరములలో రాశాను. పై అధికారి కొట్టేశారు. నేను మళ్ళీ ఫెయిర్ చేశాను, అరుగు లేకుండా. ఆయన మళ్ళీ వచ్చినప్పుడు సీటులో నుంచి లేచి టీ తాగడానికి పోయాను. ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు. రూలు ప్రకారం జరిగింది. పోయింది నేను, టీకి.

1981లో ఊళ్ళు ఖాళీ చేయించారు. సుమారు నూరు గ్రామాలు. కొన్ని పాత గుళ్ళను రాయి రాయీ విప్పి వేరేచోట తిరిగి కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలాగే ఆలంపురం చేరింది. మన నివృత్తి సంగమం గుడిని కదిలించలేదు. ఆ ఏడే మునిగిపోయింది.

నేను బదిలీ మీద వేరే ఊరు పోయాను. పిల్లలు, చదువులు, ప్రమోషన్లు. సర్వీసు చివరి సంవత్సరాల్లో ఒక సాయంత్రం గ్రంథాలయంలో దిగవల్లి వేంకటశివరావు గారు పరిష్కరించిన కాశీయాత్ర చరిత్ర కనపడింది. శివరావు గారు బెజవాడ వకీలు. ఆయన 1941లో ఆ పుస్తకానికి ఎంతో శ్రమపడి కొత్త ముద్రణ తెచ్చారు. ఊరికే తిరగేస్తూ ఉంటే ఆత్మకూరు తాలూకా ఊళ్ళ పేర్లు కనబడ్డాయి. నాగలూటి. ముసలిమడుగు. నివృత్తి సంగమం. నిలబడినవాణ్ణి అక్కడే బల్ల మీద కూర్చున్నాను. నేను మూడు కాపీలు తీసి గడుల్లో నింపిన ప్రాంతం గుండా, దానికి నూట నలభై ఏళ్ళ ముందు, మరో ప్రభుత్వోద్యోగి నడుచుకుంటూ పోయి ఊరూరా ఏముందో రాశాడు. ఆయన రాతలో నీళ్ళున్నాయి, అంగళ్ళున్నాయి, మనుషులున్నారు, గుడి ఉంది. ఎవరూ ఆయనకు ప్రొఫార్మా ఇవ్వలేదు. ఆయన రాసుకున్నదంతా మన లెక్కలో ఇతరములే.

వీరాస్వామయ్య గారి మిగతా జీవితం చిన్నది. తిరిగి వచ్చిన మరుసటి ఏడాదే నందన సంవత్సరం, గుంటూరు సీమలో డొక్కల కరువు వచ్చింది. జనం తిండి కోసం వలస పోతూ చెన్నపట్నం దాకా వచ్చారు. వారికి అన్నం పెట్టించిన గృహస్థుల్లో ఈయన ఒకరు. కలరా, కరువు, దొంగలు అన్నీ చూసి తిరిగివచ్చిన మనిషికి వీధిలో ఆకలితో కూర్చున్నవాడు కొత్త కాదు. 1836లో, అంటే కాశీనుంచి వచ్చిన అయిదేళ్ళకు, కాలం చేశారు. పుస్తకం ఆయన చూడలేదు. శ్రీనివాస పిళ్ళె గారు స్నేహితుడి రాతలను పారేయకుండా దాచి, ఆయన జీవిత విశేషాలు కూడా చేర్చి, 1838లో అచ్చు వేయించారు. 1869లో మళ్ళీ అచ్చయింది, ఆ తర్వాత డెబ్బై ఏళ్ళకు గాని శివరావు గారి ప్రతి రాలేదు. 1973లో ఇంగ్లీషులోకి కూడా తెచ్చారు. యాభై ఏళ్ళప్పుడు కదలకుండా, పని తెమిలాక పోదాం అనుకుని ఉంటే ఆయనకు మిగిలినవి ఆ అయిదేళ్ళే. నా సంచి మోసిన అన్నగారూ నేనూ రిటైరయ్యాక కలిసి కాశీకి పోదాం అనుకున్నాం. ఆయన పెన్షను కాగితాలు వచ్చిన నెలలోనే పోయారు. నేను ఇంతవరకు కాశీ చూడలేదు.

సంగమేశ్వరం మాత్రం చూశాను. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. వేసవి ముందు నీరు బాగా తగ్గినప్పుడు గుడి బయటపడుతుంది. మునిగిన తర్వాత చాలా ఏళ్ళు కనబడనే లేదు. 2003లో బయటపడిందని విని జనం తిరనాళ్ళలా పోయారు. నేను ఆలస్యంగా, రిటైరయ్యాక పోయాను. ఆత్మకూరునుంచి ఆటోలో పోయి, బురద గట్టిపడిన చోట దిగి నడిచాం. గోడలకు నీటి గీతలు, రాళ్ళ సందుల్లో ఎండిన నాచు. గర్భగుడిలో వేప లింగం అలాగే ఉంది. ఇన్నేళ్ళు నీళ్ళలో ఉన్నా చెడలేదు. పూజారి గారు దీపం పెట్టి, నీళ్ళు మళ్ళీ పైకి వచ్చేవరకు రోజూ వచ్చి పూజ చేస్తామని చెప్పారు. చుట్టూ ఊరి ఆనవాళ్ళు వెతికాను. పునాది రాళ్ళు వరసగా కనిపించాయి. ఒకచోట గడపకు ముందు రెండు బండలు, ఎత్తుగా, మనిషి కూర్చునేటంత. అది ఆ ముసలాయన అరుగేనని చెప్పలేను. చాలా ఇళ్ళకు అరుగులుండేవి. అయినా కాసేపు కూర్చున్నాను.

ఈసారి నీరు తగ్గాక మన సంఘం తరఫున అక్కడికి ఒక బస్సు పెట్టాలని కార్యవర్గం ముందు ఉంచాను. మహానందిలో స్నానం, ఆత్మకూరులో భోజనం, సాయంత్రానికి సంగమేశ్వరం. మోకాళ్ళ నొప్పులవారు కూడా రావచ్చు, నడక తక్కువే. రాదలచినవారు కార్యదర్శి గారి దగ్గర పేరు రాయించుకోగలరు. కాశీయాత్ర చరిత్ర నా దగ్గర ఒక ప్రతి ఉంది, బస్సులో చదువుకుందాం. టోపీ, నీళ్ళ సీసా, వేసుకునే మందులు ఎవరివి వారు తెచ్చుకోవాలి.